ఎన్నడూ బాగా పడనివాడి ఫోటో పాఠాలు

మనిషి ఫోటో ఆ మనిషిలా ఉండకూడదు. ఇది నా సిద్ధాంతం.

ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ఇంట్లో అద్దం ఉంది. అద్దం చాలకపోతే పెళ్ళాం ఉంది. ఆ ఇద్దరూ ఉచితంగా చేస్తున్న పనికి మళ్ళీ స్టూడియోకు వెళ్ళి, లైట్లు వేయించుకుని, డబ్బులిచ్చి రావాలా? ఫోటో అంటే, మనం నిజానికి ఎలా పుట్టాల్సిందో దేవుడికి తెలియజేసుకునే అర్జీ!

అందుకే ఈ కాలపు ఫోటోగ్రాఫర్లు పెట్టే బాధను నేను బాధ అనను. గడ్డం కిందికి, భుజాలు వెనక్కి, పొట్ట లోపలికి, కళ్ళు పెద్దగా, నవ్వు చిన్నగా. ఐదు అవయవాలకు ఐదు ఆర్డర్లు, అన్నీ ఒకేసారి! జనం విసుక్కుంటారు. నేను మాత్రం చేతులెత్తి దండం పెడతాను. మీ గడ్డం ఎక్కడుందో, మీ పొట్ట ఎంత దూరం వచ్చిందో ఇంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు మీ జీవితంలో ఇంకొకడు ఉన్నాడా? డాక్టరు కూడా మనల్ని ఇంతసేపు చూడడు కదా!

ఇంత ధీమాగా చెప్పడానికి నీ అర్హత ఏమిటయ్యా అని మీరు అడగవచ్చు. నా పేరు గంగాధర్. సోలాపూర్‌లో టవళ్ళు నేసే ఒక కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్ళుగా సాంచా, అంటే కరెంటు మగ్గం, నడుపుతున్నాను. నెలకోసారి మన సమాజం పత్రికలో ఈ రెండు పేజీలు నింపుతాను. ఫోటోల విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. ఇన్నేళ్ళలో నా ఫోటో ఒక్కటంటే ఒక్కటి బాగా పడలేదు. ప్రతి ఏడూ పరీక్ష తప్పినవాడికి సిలబస్ మొత్తం కంఠతా వచ్చి ఉంటుంది. నాదీ అదే పరిస్థితి.

రేషన్ కార్డులో నేను అప్పుడే దొరికిపోయిన దొంగలా ఉంటాను. ఆధార్ కార్డులో ఇంకా దొరకని దొంగలా ఉంటాను. ఓటరు కార్డులో ఉన్నది నేనో, మా పెద్దనాన్నో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరమూ ఆ కార్డు మీద ఓటు వేసి రావచ్చునని మా బంధువుల అభిప్రాయం.

సరే, నా గొడవ తరువాత. ముందు మా నీలం నగర్ చౌరస్తాకు రండి. మంచి ఫోటో మనిషికి ఏం చేస్తుందో అక్కడ చూపిస్తాను.

పుట్టినరోజు ఫ్లెక్సీలు! నెలకు ముప్పై రోజులుంటే మా చౌరస్తాలో నలభై పుట్టినరోజులుంటాయి. పోయిన నెల పాన్ డబ్బా సంతోష్ పుట్టినరోజు వచ్చింది. సంతోష్ అయిదడుగులకు కాస్త తక్కువ. ఫ్లెక్సీలో పన్నెండడుగులు! రంగు పాలమీగడ. నల్ల కళ్ళద్దాలు, మెడలో వేలెడు లావు గొలుసు, వెనకాల ఒక సింహం. నేను నోరు తెరుచుకుని చూస్తూ, దారికి అడ్డంగా నిలబడ్డ మనిషిని "జర పక్కకు జరుగు బాబూ" అని నెట్టి మరీ ఆ ఫ్లెక్సీకి నమస్కారం పెట్టాను. నేను నెట్టింది సంతోష్‌నే. పాపం, జరిగాడు. తన ఫోటో ముందు తను అడ్డంగా ఉండడం అతనికీ సబబుగా తోచలేదేమో!

ఇంకో సంగతి గమనించారా? ఫ్లెక్సీ మీద ఉన్న ప్రతి పెద్దమనిషీ చెవికి ఫోన్ పెట్టుకుని ఉంటాడు. ఆ ఫోన్‌లో అవతల ఎవరున్నారు? ఎవరూ లేరు. ఒక్కోసారి ఫోన్ తలకిందులుగా కూడా ఉంటుంది. అయినా పోజులన్నిటిలోకీ గొప్ప పోజు అదేనని నేను ఎక్కడైనా వాదిస్తాను. తన చెవి బ్రహ్మాండంగా పనిచేస్తోందని మనిషి ఊరంతటికీ చాటుకునే పోజు అది. అంత అదృష్టం అందరికీ ఉంటుందా?

ఇక పాఠాలు. మొదటి పాఠం చేతులు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? పుట్టినప్పటి నుంచి మనతో ఉన్న చేతులే. అయినా స్టూడియోలో అడుగుపెట్టగానే ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టు వేలాడతాయి. సాంచా ముందు నిలబడితే నా చేతులకు తోవ తెలుసు. నూలు తెగితే ముడి వేస్తాయి, లేకపోతే చట్టం మీద ఆనుకుని ఉంటాయి. స్టూడియోలో ఆనుకోవడానికి ఏముంది? ఒకసారి పక్కనే రాతి స్తంభం కనబడితే దర్జాగా మోచేయి ఆనించాను. అది అట్ట స్తంభం! స్తంభమూ, వెనకాల కాశ్మీరు తెరా, నేనూ ముగ్గురం కలిసి ఫోటోగ్రాఫర్ మీద పడ్డాం. ఆ ఫోటో కూడా పడింది. అందులో నా చేతులు మాత్రం చాలా సహజంగా ఉన్నాయి.

నా భార్య నర్సమ్మ చేతుల సమస్య వేరు. ఆమె చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతుంది. ఒళ్ళో చేట ఉన్నా లేకపోయినా ఆమె వేళ్ళు ఆగవు. పెళ్ళికి వెళ్ళినా, బస్సులో కూర్చున్నా, కునుకు తీస్తున్నా లేని ఆకును చుడుతూనే ఉంటాయి. ఏ ఫోటో చూసినా ఆమె ముఖం స్పష్టంగా ఉంటుంది, వేళ్ళ దగ్గర మాత్రం పొగమంచు. "ఏం జెయ్యాలె? నేను ఆగుమంటె ఆగుతయా అవి? వాటిది వేరే దుకాణం" అంటుంది.

రెండో పాఠం గడ్డం అనుకున్నాను గానీ, దాని కంటే ముందు చూపు గురించి చెప్పాలి. ఎందుకంటే మా ఇంట్లో గొడవంతా దాని మీదే వచ్చింది.

నా ఫోటో ఏది తీసినా నేను కెమెరా వైపు చూడను. బెత్తెడు పక్కకు, కాస్త కిందికి చూస్తాను. మీరు దీన్ని లోపం అనుకుంటున్నారా? ఈ కాలం పిల్లల్ని అడగండి! కెమెరా వైపు చూడకుండా, ఎటో చూస్తూ, ఏమీ తెలియనట్టు తీయించుకునే ఫోటోను క్యాండిడ్ అంటారు. దానికి ప్యాకేజీ ఉంటుంది. మామూలు ఫోటో కంటే రేటు ఎక్కువ. అలాంటిది ముప్పై ఒక్కేళ్ళ కిందట, మా పెళ్ళి ఫోటోలోనే, ఎవరూ అడగకుండా, పైసా తీసుకోకుండా నేను క్యాండిడ్ ఇచ్చాను. సోలాపూర్‌లో దానికి ఆద్యుణ్ణి నేనే. కానీ ఇంటి మనిషికి ఆ గౌరవం ఎక్కడుంటుంది చెప్పండి!

కిందటేడు మాకు కుంభారిలో సొంత ఇల్లు వచ్చింది. అంతకు ముందు నీలం నగర్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే అద్దె గది. అక్కడ గోడకు మేకు కొడితే ఇంటామె అదే మేకు మన నెత్తికి కొట్టేది. అందుకే కొత్తింట్లోకి వెళ్ళగానే నర్సమ్మ చేసిన మొదటి పని, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద తన చేత్తో ఒక మేకు కొట్టడం. ఆ మేకుకు మా ఇద్దరి ఫోటో పెట్టాలని ఆమె కోరిక. మేకు కొట్టి ఏడాది అయింది, ఫోటో మాత్రం లేదు.

"మనయి ఇద్దరియి కలిసి మూడే ఫోటోలున్నై," అంది ఒకరోజు, పాత పెట్టె ముందు పెట్టుకుని. "పెండ్లిల ఒకటి, మేఘన పుట్టినంక ఒకటి, తుల్జాపూర్ పోయినప్పుడు ఒకటి. మూడిట్ల నేను సీదా చూస్తున్న. నువ్వు మూడిట్ల ఎటో చూస్తున్నవ్. గోడకు ఏది పెట్టాలె? వచ్చినోళ్ళు ఏమనుకుంటరు? పెండ్లాం పక్కన నిలబడుడే ఇష్టం లేదేమో ఈయనకు అనుకోరా?"

నేను ఆమెకు క్యాండిడ్ గురించి వివరించాను.

"నీ క్యాండిడ్ గీండిడ్ నాకు తెల్వదు," అంది. "దివాళీ లోపల ఒక్క ఫోటో సక్కగ పడాలె. లేకుంటే పెండ్లి ఫోటోల కెళ్ళి నిన్ను ఆకు కత్తెరతోటి కత్తిరిచ్చి పడేస్త. నేనొక్కదాన్నే గోడ మీద ఉంట."

బీడీ ఆకు కత్తిరించే కత్తెర అది. ముప్పై ఏళ్ళుగా గీత తప్పకుండా కోస్తోంది. నన్ను కోయడం దానికి ఒక లెక్కా?

నాకు భయం వేసింది. నా గురించి కాదు, ఆమె గురించే. మన ఇళ్ళల్లో గోడ మీద ఆడమనిషి ఫోటో ఒంటరిగా వేలాడితే దాని అర్థం ఏమిటో మీకు తెలుసు కదా! వచ్చినవాడల్లా చెప్పులు విప్పుతూనే గొంతు తగ్గించి "ఎప్పుడు జరిగింది కాకా? మాకు తెలువనే లేదు" అంటాడు. అప్పుడు వంటింట్లోంచి నర్సమ్మే టీ కప్పు పట్టుకొచ్చి తను బతికే ఉన్నానని చెప్పుకోవాలి. రోజూ చెప్పుకోవాలి!

ఈ మాట అని పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫోటోలు మూడూ మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ మాట ఆమె కడుపులో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. చాలా బాధ వేసింది. ఈసారి చచ్చినా సూటిగా చూడాల్సిందేనని ఒట్టు పెట్టుకున్నాను.

మా అమ్మాయి మేఘన యూట్యూబ్ తెరిచింది. అందులో ఒక అమ్మాయి చెబుతుంది, నాలుకను అంగిటికి గట్టిగా నొక్కి పెడితే కింది దవడ చెక్కినట్టు కనబడుతుందట. మెడను తాబేలులా ముందుకు చాచి, తరువాత గడ్డం దించాలట. కళ్ళతో నవ్వాలట! నోరున్నది దేనికి మరి?

వారం రోజులు సాంచా ముందు ఇదే సాధన. నాలుక అంగిటికి, మెడ ముందుకు, కళ్ళతో నవ్వు. మా కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి నడుస్తాయి. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి మేమంతా ఒకరి పెదాలు ఒకరం చూసి మాట్లాడుకుంటాం. పక్క సాంచా రామచంద్రం మూడు రోజులు నా పెదాల వైపే చూశాడు. ఏం చెబుతున్నానో అర్థం కాలేదు. నాలుగో రోజు వచ్చి, ఏమీ అడగకుండా నా నోట్లో ఒక లవంగం పెట్టి, చెంప మీద నెమ్మదిగా నిమిరి వెళ్ళిపోయాడు. పంటి నొప్పి అనుకున్నాడు, మహానుభావుడు!

ఫోటో రోజు వచ్చింది. నర్సమ్మ మెరూన్ పట్టుచీర కట్టింది. నేను ఇస్త్రీ చొక్కా వేశాను. మేఘన తన బండి మీద వచ్చింది. మేమిద్దరం బస్సులో, కుంభారి నుంచి నీలం నగర్ దాకా ఎవరినీ తగలకుండా, ముడత పడకుండా నిలబడే వచ్చాం. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇంత నిష్ఠతో ఏ యాత్రకూ వెళ్ళలేదు మేము.

స్టూడియో నడిపేది అనికేత్ అనే కుర్రాడు. అట్ట స్తంభం కింద పడ్డ ఫోటోగ్రాఫర్ వీళ్ళ నాన్నే. అయినా పాత కక్షలు మనసులో పెట్టుకోలేదు. మమ్మల్నిద్దరినీ తెర ముందు పక్కపక్కన నిలబెట్టాడు. కెమెరా పక్కన స్టూలు మీద మేఘన కూర్చుంది.

"కాకా, ఇకడె బఘా! ఇటు చూడండ్రి, లెన్స్‌ల చూడండ్రి, లెన్స్‌ల!"

"చూస్తున్న గద!"

"లెన్స్ ఇది కాకా. మీరు నా దిక్కు చూస్తుండ్రు."

మళ్ళీ తీశాడు. మళ్ళీ పక్కకే. నర్సమ్మ విసురుగా వెళ్ళి, తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి కెమెరా మీద, సరిగ్గా లెన్సు పైన అంటించి వచ్చింది. "అగో, నా బొట్టు దిక్కు చూడు. దాన్నన్న చూస్తవా?" అంది నా ముఖంలోకి చూసి.

చూశాను. ఎలుక కోసం పిల్లి చూసినట్టు చూశాను! అంతలో అనికేత్ కెమెరా వెనక నుంచి ఏదో అన్నాడు. ఏమన్నాడు? నా కళ్ళు బొట్టు వదిలేసి అతని నోటి కోసం వెళ్ళిపోయాయి. అతను కెమెరా వెనక్కి వంగాడు. నేనూ వంగాను. అతను ఎడమకు జరిగాడు, నా మెడ ఎడమకు సాగింది. కుడికి వెళితే కుడికి. అలా ముప్పై ఫోటోలు తీసేసరికి మేమిద్దరం మధ్యలో కెమెరా పెట్టుకుని దాగుడుమూతలు ఆడినట్టయింది. కెమెరా ముఖం మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు గదిలో ఏదో జరిగింది. అనికేత్ గబుక్కున తల దించుకుని కెమెరా బటన్లు చూసుకోసాగాడు. మేఘన ముఖం మారిపోయింది. ఏమైందే అని కళ్ళతోనే అడిగాను.

మేఘన గొంతు లేకుండా, మా కార్ఖానాలో మేం మాట్లాడుకున్నట్టు, పెదాలతో నెమ్మదిగా చెప్పింది. "బాపూ, అమ్మ మెల్లగ అడుగుతుంది. నేనంటే నీకు ఇష్టం లేదా అని. రెండుసార్లు అడిగింది. నువ్వు జవాబు చెప్తలేవ్."

నర్సమ్మ నా పక్కనే ఉంది. ఆమె మోచేయి నాకు తగులుతూనే ఉంది. కానీ ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ముందుకు చూస్తున్నప్పుడు ఒకరి పెదాలు ఒకరికి కనబడవు. పెదాలు కనబడకపోతే నాకు మాట లేదు.

పాఠకులారా, పన్నెండేళ్ళుగా దాచిన రహస్యం ఒకటి చెబుతున్నాను. నాకు సరిగా వినబడదు!

ఎదుటి మనిషి ముఖం కనబడితే ఫరవాలేదు, నెట్టుకొస్తాను. ముఖం తిప్పుకుంటే మాత్రం తల ఊపుతాను. "అవునవును" అంటాను. అది నా రెండో పోజు. ఒకసారి టీ కొట్టు దగ్గర ఎవరో ఏదో అడిగితే ఇలాగే తల ఊపాను. తెల్లారేసరికి అక్కల్‌కోట్ పాదయాత్రలో నా పేరు ఉంది. నలభై కిలోమీటర్లు! ఏ పాపానికి నడుస్తున్నానో తెలియకుండా నడిచాను. ఇంకోసారి తల ఊపితే ఆడవాళ్ళ ముగ్గుల పోటీకి జడ్జిని చేశారు. మొదటి బహుమతి నేను ఎవరికి ఇచ్చానో తెలియదు గానీ, రెండు గల్లీలవాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మాట్లాడుతున్నారేమో కూడా, నాకు తెలియదు.

ఎందుకు దాచావయ్యా అంటారా? సిగ్గు! చెవిటివాడు అంటే జనం నవ్వుతారు. గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు, చెవిటివాడి దగ్గర మాత్రం అరిచి, విసుక్కుని, పక్కవాడితో నవ్వుకుంటారు. నేనూ అలా నవ్వినవాణ్ణే. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

స్టూడియోలో ఆ లైట్ల కింద నర్సమ్మ వైపు తిరిగి నిజం చెప్పేశాను. "నువ్వు అడిగింది నాకు ఇనరాలే నర్సమ్మా. నాకు చెవులు పోయినై. చెప్పలే ఇన్నాళ్ళు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గది నాకు తెల్వదా?" అంది. "నాకేంది, నీలం నగర్ మొత్తం తెలుసు! పాలోనికి తెలుసు, గిర్నీ కాడ పిండి పట్టేటోనికి తెలుసు. ఎనుక నిలబడి ఎన్ని తిట్లు తిట్టిన్నో నిన్ను, ఒక్కదానికన్న మర్లి చూసినవా?"

చూశారా! పన్నెండేళ్ళు నేను పడ్డ తిప్పలన్నీ, ఆ తల ఊపుడంతా, నన్ను నేను ఒక్కణ్ణే మోసం చేసుకోవడానికి పనికొచ్చింది. ఊరందరికీ తెలిసిన రహస్యాన్ని ఊరందరికీ తెలియకుండా కాపాడినవాణ్ణి నేనే అయి ఉంటాను.

"చెవులది తెలుసు," అంది నర్సమ్మ మళ్ళీ, ఈసారి గొంతు తగ్గి ఉంటుంది, పెదాలు చిన్నగా కదిలాయి. "కండ్లదే తెల్వలే. నా పక్కన నిలబెడితే ఎటో చూస్తడేంది అనుకున్న."

మేఘన స్టూలు మీది నుంచి లేచింది. "అమ్మా, బాపు ఎవలు మాట్లాడుతే వాళ్ళ నోరు చూస్తడు. ఫోటో దీసేటోడే మాట్లాడుతడు గద, ఇట్ల చూడు అట్ల చూడు అని? అందుకే ఆని దిక్కు చూస్తడు. కార్ఖానల అలవాటు గది. కావాల్ననా?"

నర్సమ్మ వేళ్ళ మీద ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. పెళ్ళినాటికి నా చెవులు బాగానే ఉన్నాయి. కానీ అప్పటికే ఏడేళ్ళు సాంచాల మధ్య పని చేసి ఉన్నాను, కళ్ళకు ఆ అలవాటు పట్టేసింది. ఆమె ఆ ముగ్గురు ఫోటోగ్రాఫర్లనూ మనసులో గుర్తు చేసుకుంటోందని నాకు అర్థమైంది.

"మరి నన్ను ఒక్కసారన్న అడుగొద్దా, ఎటు చూస్తున్నవ్ అని?" అన్నాను నేను, తప్పు కాస్త ఆమె మీదికి నెట్టవచ్చునేమోనని.

"అడిగిన," అంది. "తుల్జాపూర్‌ల అడిగిన. పక్కన నిలబడి అడిగిన."

పక్కన నిలబడి ఆమె ఇంకా ఏమేం అడిగిందో, దేనికి నేను జవాబు చెప్పలేదో! కళ్ళు తుడుచుకుంటే ఫోటో పాడవుతుందని తుడుచుకోలేదు.

మేఘన కొత్త చట్టం చేసింది. ఎవరూ నోరు తెరవకూడదు. అనికేత్ పెదాలు బిగించాడు, మేఘన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గదిలో చూడడానికి ఒక్క నోరు కూడా లేకపోయేసరికి నా కళ్ళు వేరే గతి లేక లెన్సు మీదికి వచ్చాయి. నాలుక అంగిటికి నొక్కాను, గడ్డం దించాను, పొట్ట లాగాను. ముప్పై ఎనిమిదేళ్ళ సిలబస్ అంతా ఒక్క క్షణంలో నా ముఖం మీదికి తెచ్చాను.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ ఏదో అంది. ఆమె మోచేయి నా పక్కటెముకలో గుచ్చుకుంది. నేను ఆమె వైపు తిరిగాను. అనికేత్ నొక్కేశాడు.

ఆ ఫోటోలో నేను నేర్చుకున్న పాఠం ఒక్కటీ లేదు. నేను పక్కకు తిరిగి, మెడ వంచి, కళ్ళు చికిలించి, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు నర్సమ్మ పెదాల వైపు చూస్తున్నాను. పొట్ట వదిలేశాను, తన ఇష్టం వచ్చినంత దూరం వచ్చింది. నర్సమ్మ సూటిగా కెమెరాలోకి చూస్తూ, నోరు సగం తెరిచి ఉంది. నుదుట బొట్టు లేదు, అది కెమెరా మీదే ఉంది. వేళ్ళ దగ్గర ఎప్పటి పొగమంచే.

అనికేత్ చెరిపేసి ఇంకోటి తీస్తానన్నాడు.

"ముట్టుకున్నవంటే చూడు," అంది నర్సమ్మ. "ఇదే కావాలె. నా దిక్కు చూసిండు."

"ఇంతకూ అప్పుడేమన్నవ్?" అని బస్సులో, ఆమెకు ఎదురుగా నిలబడి అడిగాను.

"నీ అంగి మీది గుండీ ఊడింది, పెట్టుకొమ్మన్న."

నిజమే, ఫోటోలో గుండీ ఊడే ఉంది. ఇప్పుడు ఆ ఫోటో కుంభారిలో మా గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళంతా "అబ్బ, కాకూ దిక్కు ఎట్ల చూస్తుండో కాకా!" అని మురిసిపోతున్నారు. అనికేత్ మా అనుమతి లేకుండానే దాని నకలు స్టూడియో బయట పెట్టాడు. పెళ్ళి కుదిరిన జంటలు వచ్చి మాకూ అదే పోజు కావాలని అడుగుతున్నారట. దానికి కాకా పోజు అని పేరు. అబ్బాయిలు అమ్మాయిల పెదాల వైపు కళ్ళు చికిలించి చూస్తున్నారు. చొక్కా పై గుండీ వాళ్ళే విప్పుకుంటున్నారు. పొట్ట మాత్రం ఎంత ప్రయత్నించినా నా అంత రావడం లేదని అనికేత్ చెప్పాడు.

కథ సుఖాంతమైంది కదా, ఇక చాలు అనుకున్నాను. కానీ చెవులు ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందేనని మేఘన పట్టు పట్టింది. సగం పూట సెలవు అడగడానికి పోయిన మంగళవారం మా మాలక్, అంటే కార్ఖానా యజమాని, ఆఫీసులోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గది గుమ్మం దాకానే వెళ్ళాను, లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

ఆయన కుర్చీ వెనక గోడకు ఇంత పెద్ద ఫ్రేము. దసరాకు సాంచాల పూజ చేసినప్పుడు తీసిన గ్రూప్ ఫోటో. మధ్యలో పూలదండతో మాలక్, చుట్టూ మేం పంతొమ్మిది మందిమి.

"చూడు గంగాధర్," అన్నాడాయన నవ్వుతూ, ఫ్రేము మీద వేలు పెట్టి. "మస్తు ఖర్చు పెట్టి తీయించిన. ఒక్కడన్న సీదా చూసిండా? నిలబడుడే రాదు మనోళ్ళకు. నన్ను చూడు, ఎట్ల పడ్డనో!"

చూశాను. రామచంద్రం పక్కకు చూస్తున్నాడు. అతని పక్కన ఓంకార్, ఆ వెనక వరసంతా, ముందు కూర్చున్న వరసంతా బెత్తెడు పక్కకు, కాస్త కిందికి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు చేసినవాళ్ళూ, మూడేళ్ళు చేసినవాళ్ళూ. పంతొమ్మిది మందిమీ ఆ ఫోటోగ్రాఫర్ నోటి వైపే చూస్తున్నాం. ఇరవై మందిలో కెమెరా కళ్ళలోకి సూటిగా, హుందాగా చూస్తున్నది మాలక్ ఒక్కడే.

"నువ్వు పత్రికల రాస్తవ్ గద," అన్నాడు. "ఫోటోకు ఎట్ల నిలబడాల్నో జర రాయి. మనోళ్ళు నేర్చుకుంటరు. సెలవు సంగతి మల్ల చూద్దాం, పో."

ఆయన ఈ మాటలు ఫోటో వైపు తిరిగి, పెద్ద గొంతుతో అన్నాడు. పెదాలు నాకు కనబడలేదు. అయినా దాదాపు ప్రతి అక్షరం వినబడింది! నాకే ఆశ్చర్యం వేసి, చెవులు బాగైపోయాయా అని వెనక్కి తిరిగి చూశాను. నా వెనక అద్దాల తలుపు మూసుకుని ఉంది. అవతల ఇరవై నాలుగు సాంచాలు ఆడుతున్నాయి, వాటి మోత మాత్రం లోపలికి రావడం లేదు. ఇవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

మాలక్ మాట కాదనలేక ఈ వ్యాసం రాశాను. చేతులు, గడ్డం, పొట్ట గురించి నేను చెప్పినవన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. ఫోటోలో చక్కగా పడాలంటే ముందు మీ చెవికీ మీ పనికీ మధ్య ఒక అద్దాల తలుపు పెట్టించుకోండి. చూపు దానంతటదే సూటిగా నిలబడుతుంది.